కిన్నెర నుంచి కొమ్ముబూర దాకా: తెలుగు జానపద తీగ వాద్యాలు, ఊదే వాద్యాలు

తెలుగు జానపద వాద్యాల్లో చర్మవాద్యాలదే పైచేయి. డప్పు, డోలు, రుంజ, పంబ, ఒగ్గు, వీరణం, గుమ్మెట, తుడుము అంటూ వాటి జాబితా చాలా పొడవు. వాటి పక్కన తీగ వాద్యాలు, ఊదే వాద్యాలు సంఖ్యలో తక్కువగా కనిపిస్తాయి. కిన్నెర, తంబుర, ఏకతార, జమిడిక, కిక్రి మొదటి వర్గంలోకి వస్తాయి. పిల్లనగ్రోవి, సన్నాయి, కొమ్ము, తిత్తి, నాగస్వరం, శంఖం రెండో వర్గంలోవి. నాట్యశాస్త్రం వాద్యాలను తతం, సుషిరం, అవనద్ధం, ఘనం అని నాలుగుగా విభజించింది. ఆ లెక్కలో తీగ వాద్యాలు తతాలు, ఊదేవి సుషిరాలు.

పల్లె జీవితంలో ఈ రెండు వర్గాలకూ వేర్వేరు పనులు పడ్డాయి. అందుకు కారణం వాటిని వాయించే తీరులోనే ఉంది. తీగ మీటేవాడికి చేతులకే పని, నోటికి కాదు. వాయిస్తూనే పాడవచ్చు, పాడుతూనే కథ నడపవచ్చు. అందుకే తీగ వాద్యం కథకుడికీ, వంశావళి చదివేవాడికీ, తత్త్వాలు పాడేవాడికీ తోడైంది. ఊదేవాడు మాత్రం నోటిని వాద్యానికే అప్పగించాలి. అతని వాద్యం మాటకు తోడు కాలేదు గాని దూరానికి వినిపించగలదు. దేవుడి ఊరేగింపు, పెళ్ళి, జాతర, యుద్ధం, మందను మళ్ళించడం వంటి చోట్ల అది నిలిచింది. ఈ వాద్యాలను మోసిన కులాలు, తెగలు, వాటికి అండగా నిలిచిన పోషకులు, ఆ అండ సడలిన కాలం కలిస్తేనే వీటి చరిత్ర.

ప్రాచీన, మధ్యయుగ ఆధారాలు

తెలుగు ప్రాంతంలో తీగ వాద్యాలకూ వేణువుకూ తొలి దృశ్య సాక్ష్యాలు కృష్ణా లోయలోని బౌద్ధ శిల్పాల్లో ఉన్నాయి. అమరావతి, నాగార్జునకొండ ఫలకాల మీద నృత్య గీత సన్నివేశాల్లో విల్లులా వంగిన వీణను ఒడిలో పెట్టుకున్నవారు, వేణువు ఊదేవారు కనిపిస్తారు. ఆ వంపు వీణకు మెట్లు లేవు. ఒక్కో స్వరానికి ఒక్కో తీగ ఉండేది. కాలక్రమంలో అది కనుమరుగైంది. కర్ర మీద తీగ బిగించి, దాని కింద బుర్రలు కట్టిన వీణలు ఆ స్థానంలోకి వచ్చాయి.

దేశి సంగీతాన్ని శాస్త్రంగా చర్చించిన మతంగుడి బృహద్దేశి, 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరం ఈ మార్పును అర్థం చేసుకోవడానికి ముఖ్యమైన గ్రంథాలు. మెట్లున్న కిన్నరీ వీణకు మతంగుడి పేరు ముడిపెట్టడం సంగీతశాస్త్ర సంప్రదాయంలో ఉంది. శార్ఙ్గదేవుడు కిన్నరిని చిన్నది, పెద్దది అని విడదీసి వాటి కొలతలూ, మెట్లు నిలిపే విధానమూ చెప్పాడు. ఇప్పుడు ఊరూరా తిరిగే పాటగాడి చేతిలో కనిపించే వాద్యానికి ఒకప్పుడు శాస్త్రగ్రంథంలో చోటుండేదన్నమాట.

తెలుగు సాహిత్యంలో కిన్నెరకు గట్టి ఆధారం పాల్కురికి సోమనాథుడి రచనల్లో దొరుకుతుంది. బసవపురాణంలో కిన్నెర వాయిస్తూ శివుణ్ణి కొలిచిన కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం శ్రీశైల యాత్రికుల ఆటపాటలను, రకరకాల వీణల పేర్లను ఏకరువు పెడుతుంది. వీరశైవం అప్పటికే జనంలోకి పోవడానికి దేశి పాటను, దేశి వాద్యాన్ని ఆశ్రయించింది. తర్వాతి కాలంలో జంగాలు తంబుర పట్టి ఇంటింటికీ తిరగడానికి పునాది అక్కడే పడింది.

కాకతీయ గణపతిదేవుడి గజసేనాధిపతి జాయపసేనాని నృత్తరత్నావళిలో మార్గ నృత్తంతో పాటు దేశి నృత్తాలకూ పెద్ద పీట వేశాడు. గీతాల మీద, వాద్యాల మీద కూడా అతను గ్రంథాలు రాశాడని ప్రతీతి. అవి మాత్రం దొరకలేదు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి శిల్పాల్లో వేణువు ఊదే కృష్ణుడు, మద్దెల వాయించేవారు ఉన్నారు. ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామం పల్నాటి వీరుల కథను జనం ముందు పాడి వినిపించే ఘట్టాన్ని చూపిస్తుంది. వాద్యం పట్టుకుని వీరగాథ చెప్పడం కాకతీయుల నాటికే నగరంలోనూ ఆదరణ ఉన్న వినోదమని దీన్నిబట్టి తెలుస్తుంది.

కిన్నెర

కిన్నెరకు మూలం ఒక వెదురు బొంగు. దానికి అడుగున మూడు సొరబుర్రలు వేలాడుతాయి. తినడానికి పనికిరాని చేదు సొరకాయ ముదిరి ఎండితే పెంకు గట్టిపడుతుంది. లోపలి గుజ్జు, గింజలు తీసేస్తే నాదాన్ని పెంచే డొల్ల తయారవుతుంది. బొంగు పైన మెట్లు వరుసగా నిలబెట్టి తేనెమైనంతో అతికిస్తారు. మెట్ల మీదుగా తీగ సాగుతుంది. నేడు ఉక్కు తీగ వాడుతున్నారు. పూర్వం నరం, గుర్రపు వెంట్రుక వంటివి వాడేవారని కిన్నెర కళాకారులు చెబుతారు. కుడిచేతి వేలితో తీగ మీటుతూ, ఎడమచేతి వేళ్ళతో మెట్ల మీద నొక్కి స్వరాలు పలికిస్తారు. బుర్రలకు పూసలు, అద్దాలు, నెమలి ఈకలు కట్టి అలంకరిస్తారు.

మెట్లకు వాడే వస్తువు ఈ వాద్యానికి చాలాకాలం గుర్తుగా నిలిచింది. దక్షిణ భారత వాద్యాల మీద 1891లో పుస్తకం ప్రచురించిన కెప్టెన్ సి.ఆర్. డే కిన్నెరకు ఎప్పుడూ మూడు బుర్రలు ఉంటాయనీ, మెట్లు ఎముకవో లోహానివో అయి ఉంటాయనీ, ఒక్కోసారి అలుగు పెంకులు వాడతారనీ రాశాడు. తీగను కట్టే కొనను గద్ద రొమ్ము ఆకారంలో చెక్కుతారని కూడా నమోదు చేశాడు. పాటగాళ్ళ కిన్నెరల మీద నేటికీ పక్షి బొమ్మ కనిపించడం ఆ ఆనవాయితీకి కొనసాగింపే.

తెలంగాణలో కిన్నెరను కాపాడినవారు డక్కలివారు. వీరు మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగ వాడలకు వెళ్ళి వారి కులపురాణాన్ని, వంశక్రమాన్ని పాడి సంభావన తీసుకోవడం వీరి హక్కు, వృత్తి. తమ ఊరి చరిత్రను ఎవరూ రాసిపెట్టని చోట డక్కలి పాటే ఆ కులానికి దస్తావేజు అయింది. కులపురాణంతో పాటు స్థానిక వీరుల కథలూ కిన్నెర మీద నిలిచాయి. పాలమూరు ప్రాంతంలో ఉన్నవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పెట్టినవాడిగా పేరుపడ్డ పండుగ సాయన్న కథ అందులో ముఖ్యమైనది. కుల వ్యవస్థ అట్టడుగున ఉన్నవారి చేతిలో ఉండటం వల్ల ఈ వాద్యానికి సభా గౌరవం దక్కలేదు. అదే కారణంగా సభ రుచికి తగినట్టు మారిపోకుండానూ నిలిచింది.

మెట్ల సంఖ్యను బట్టి కిన్నెరకు పేర్లు ఏర్పడ్డాయి. పన్నెండు మెట్ల కిన్నెరకు గుర్తింపు తెచ్చిన కళాకారుడు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటకు ఆయన ఇచ్చిన ఆరంభ గానం కిన్నెర పేరును ఇంటింటికీ చేర్చింది. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. పొరుగున కన్నడ ప్రాంతంలో కిన్నరి జోగులు భారత కథలను ఇదే కుటుంబానికి చెందిన వాద్యం మీద పాడేవారు. కిన్నెర దక్కన్ పీఠభూమి అంతటా విస్తరించిన వాద్యమని ఇది సూచిస్తుంది.

తంబుర: జంగం కథ నుంచి బుర్రకథకు

కిన్నెర రాగం పలికిస్తే తంబుర శ్రుతి నిలుపుతుంది. జానపద తంబురకు మెట్లు ఉండవు. ఒక బుర్ర, దానికి అమర్చిన దండి, పైనుంచి కింది దాకా సాగే కొద్దిపాటి తీగలు, ఇంతే దాని నిర్మాణం. బుర్ర సొరకాయది కావచ్చు, తొలిచిన కొయ్యదీ కావచ్చు. శాస్త్రీయ సంగీత కచేరీలో తంబుర వెనక కూర్చుని మెల్లగా మోగుతుంది. జానపద కథకుడు దాన్ని భుజానికి ఎత్తుకుని, అడుగులు వేస్తూ, తాళం తప్పకుండా తీగను మీటుతాడు. ఇక్కడ తంబుర శ్రుతితో పాటు లయనూ మోస్తుంది.

సంక్రాంతి నెలలో నెత్తిన అక్షయపాత్ర పెట్టుకుని వచ్చే హరిదాసు చేతిలో తంబుర, చిడతలు ఉంటాయి. ఏకతార ఇంకా చిన్నది. ఒకే తీగ, ఒకే స్వరం. వీరబ్రహ్మం తత్త్వాల వంటివి పాడే సాధువులకూ, బైరాగులకూ, భజన గుంపులకూ అది చాలింది. మరాఠీ ప్రాంతాల్లో పవాడా అనే వీరగాథలకు తోడైన తుంతిన కూడా తెలంగాణ పల్లెలకు తెలిసిన ఒంటితీగ వాద్యమే. కొయ్య డబ్బాకు అడుగున తోలు మూసి, ఆ తోలు మధ్య నుంచి పైకి తీగ లాగి బిగిస్తారు.

తంబురను కథ చెప్పడానికి పూర్తిగా వాడుకున్నవారు జంగాలు, తెలంగాణలో శారదకాండ్రు. శారద అనేది తంబురకే మరో పేరు. ముందు నిలబడి కథ నడిపేవాడు శారద మీటుతూ, వేళ్ళకు తొడుక్కున్న అందెలను మోగిస్తాడు. రెండు వైపులా వంతపాటగాళ్ళు గుమ్మెటలు వాయిస్తూ అందుకుంటారు. బొబ్బిలి యుద్ధం, పల్నాటి వీరచరిత్ర, కాంభోజరాజు కథ, బాలనాగమ్మ కథ వంటివి రాత్రుల తరబడి సాగేవి. చాలా కుటుంబాల్లో భార్యలే వంతపాటగాళ్ళు. పంట ఇంటికి చేరిన రోజుల్లో ఊరికి వచ్చి, కథ చెప్పి, ధాన్యం తీసుకుని వెళ్ళేవారు.

జంగం కథ 20వ శతాబ్దిలో బుర్రకథ అయింది. తంబుర బుర్ర పేరే కళారూపానికి పేరుగా స్థిరపడింది. 1943లో ఏర్పడిన ఆంధ్ర ప్రజానాట్యమండలి ఈ రూపంలోని శక్తిని గుర్తించి దాన్ని భిక్షాటన నుంచి బహిరంగ సభకు తెచ్చింది. వంతల్లో ఒకరు హాస్యం చెప్పడం, మరొకరు వర్తమాన రాజకీయం విప్పడం అప్పుడు బలపడింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ శాస్త్రీయ సంగీతం, నటన తెలిసినవాడు. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు కథలతో ఆయన బుర్రకథను కొత్త ఎత్తుకు తీసుకెళ్ళారు. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ నిజాం రాజ్యంలోనూ పాలకులు బుర్రకథను నిషేధించారంటే జనం మీద దాని ప్రభావం ఎంతటిదో ఊహించవచ్చు. నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించింది. 1997లో ఆయన మరణించారు.

ఈ మార్పు వాద్యం తలరాతనూ మార్చింది. ఒక కులానికి చెందిన తంబుర అన్ని కులాల, మతాల కళాకారుల భుజం మీదికి వచ్చింది. రంగస్థల బుర్రకథలో హార్మోనియం కూడా చేరింది. కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, ఎన్నికల ప్రచారం దాకా ప్రభుత్వాలూ పార్టీలూ ఈ రూపాన్ని వాడుకున్నాయి. పోషకుడు మారినా పని మాత్రం అదే: తీగ ఆధారంగా కథ చెప్పడం.

జమిడిక, జముకు

తీగ వాద్యానికీ చర్మవాద్యానికీ నడుమ నిలిచేది జమిడిక. రెండు వైపులా తెరిచిన పాత్రకు ఒక పక్క తోలు బిగిస్తారు. ఆ తోలు మధ్యలో నుంచి ఒక నరాన్ని లోపలి గుండా బయటికి లాగుతారు. నరం కొసను చేత్తో బిగించి పట్టుకుని మీటితే తోలు కంపిస్తుంది. బిగువు పెంచితే స్వరం లేస్తుంది, సడలిస్తే దిగుతుంది. చూడటానికి డోలు కుటుంబంలా ఉన్నా దానిలో నాదం పుట్టేది తీగ నుంచి. మాట తీరును అనుకరించినట్టు సాగే దాని ధ్వని సంభాషణ నిండిన కథలకు బాగా అమరుతుంది.

తెలంగాణలో బైండ్లవారు, రాయలసీమ, కోస్తాల్లో బవనీలు జమిడిక పట్టి రేణుక ఎల్లమ్మ కథ చెబుతారు. ఇక్కడ కథ చెప్పడం కొలుపులో భాగం. అమ్మవారి పుట్టుక, పరశురాముడి చేతిలో ఆమె తల తెగిపడటం, మళ్ళీ దేవతగా వెలియడం పాడకపోతే కొలుపు పూర్తి కాదు. ఉత్తరాంధ్రలో ఇదే కుటుంబపు వాద్యం జముకు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల్లో జముకుల కథ అనే ప్రత్యేక రూపం దాని పేరు మీదే ఏర్పడింది. అమ్మవారి పండుగల్లో రాత్రంతా సాగే ఈ కథల్లో ఎల్లమ్మ కథకు ప్రధాన స్థానం ఉంది.

కిక్రి, పెప్రె, కాలికోమ్

ఆదిలాబాద్ అడవుల్లో తీగ వాద్యమూ ఊదే వాద్యమూ ఒకే కళాకారుల బృందంలో కలిసి కనిపిస్తాయి. రాజగోండుల వంశగాథలను పాడేది గోండులు కాదు, వారికి తరతరాలుగా అనుబంధంగా ఉన్న ప్రధానులు. ప్రధాను చేతిలోని వాద్యం కిక్రి. మూడు తీగల ఈ వాద్యాన్ని మీటరు, కమానుతో లాగి వాయిస్తారు. తోలు కప్పిన డొల్ల మీదుగా తీగలు సాగుతాయి. కమాను వల్ల స్వరం తెగకుండా సాగి పాటగాడి గొంతును వెన్నంటి ఉంటుంది.

కిక్రికి తోడుగా పెప్రె, కాలికోమ్ ఉంటాయి. పెప్రె సన్నాయి కుటుంబానికి చెందినది. కాలికోమ్ లోహపు బూర. కథ పాడేటప్పుడు కిక్రి, దేవుణ్ణి కదిలించే తంతులో, నాట్యంలో పెప్రె, కాలికోమ్, డోలు మోగుతాయి. తీగ కథకు, ఊపిరి తంతుకు అనే విభజన ఇక్కడ ఒకే గుంపులో కనిపిస్తుంది. తోటి అనే తెగవారు కూడా ఇవే వాద్యాలతో గోండుల గాథలు పాడతారు.

ఈ సంప్రదాయాన్ని విపులంగా నమోదు చేసినవాడు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. గోండు నాయకుడు కుమ్రం భీం పోరాటం తర్వాత 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వం పనుపున ఆదిలాబాద్‌లో తిరిగిన ఆయన, 1948లో రాజగోండుల మీద పుస్తకం వెలువరించాడు. పెర్సాపేన్ అనే వంశ దేవుడి కొలుపుల్లో ప్రధాను తన పోషకుల ఆ దేవుడి కథ పాడనిదే తంతు సాగదని ఆయన వివరించాడు. ఇంట్లో మరాఠీ మాట్లాడే ప్రధానులు గోండుల పురాణానికి రక్షకులు కావడం ఈ సంబంధంలోని విశేషం. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మొదలయ్యే నాగోబా జాతరలో మెస్రం వంశీయుల కొలుపుకు నేటికీ ఈ వాద్యాలే నాదం.

కొమ్ము, తూతకొమ్ము, తిత్తి

కొమ్ము అసలు రూపం జంతువు కొమ్మే. తర్వాత అదే వంపును కంచుతో, రాగితో, ఇత్తడితో పోతపోసి, గొట్టాలుగా అతికి తయారు చేశారు. కొన్ని అర్ధచంద్రాకారంలో, కొన్ని రెండు వంపులతో ఉంటాయి. కొమ్ముకు రంధ్రాలు లేవు. పెదవుల బిగువును, గాలి ఒత్తిడిని మార్చడం ద్వారానే రెండు మూడు స్వరాలు పలుకుతాయి. పాట వాయించడానికి అది చాలదు గాని, గుంపును కూడగట్టడానికీ, దేవుడి రాకను చాటడానికీ ఆ కొద్దిపాటి స్వరాలే సరిపోతాయి. యుద్ధంలోనూ, రాజు ఊరేగింపులోనూ, గ్రామదేవత జాతరలోనూ కొమ్ము చేసిన పని ఒకటే.

ములుగు జిల్లా మేడారంలో రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో ఈ పని స్పష్టంగా కనిపిస్తుంది. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను గద్దెకు తెచ్చేటప్పుడు కోయ పూజారుల వెంట డోలు, తూతకొమ్ము మోగుతాయి. ఆ నాదం విన్న లక్షలాది జనానికి తల్లి కదిలిందని తెలుస్తుంది. ఉత్తరాంధ్ర మన్యంలో థింసా నాట్యానికి డప్పు, తుడుము, కిరిడితో పాటు మోరి అనే ఊదే వాద్యం, జోడుకొమ్ములు వాడతారు.

కొమ్ము కథకు దూరమని చెప్పే నియమానికి ఒక మినహాయింపు కాటమరాజు కథ. గొల్లల వీరుడు కాటమరాజుకూ నెల్లూరు పాలకుడు నల్లసిద్ధికీ పుల్లరి (పశువుల మేత పన్ను) విషయంలో వచ్చిన తగాదా, ఎర్రగడ్డపాటి పోరు ఈ కథాచక్రానికి కేంద్రం. గొల్లలకు ఆశ్రితులైన కొమ్ములవారు దీన్ని చెబుతారు. వారి పేరులోనే వాద్యం ఉంది. వీరులను బొమ్మలుగా వేసిన పటాన్ని వేలాడదీసి, వీరణం మోగిస్తూ, తిత్తి శ్రుతి మీద కథ సాగిస్తారు. కథకుడు పాడుతుంటే తిత్తి, కొమ్ము ఊదడానికి వేరే మనుషులు ఉంటారు. ఒక్కడు రెండు పనులూ చేయలేడు గనుక ఊదే వాద్యమున్న కథకు బృందం తప్పనిసరి. ఈ కథలను తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి పరిష్కరించారు.

తిత్తి అంటే మేకపిల్ల తోలును చీల్చకుండా ఒలిచి, కుట్లు వేసి, గాలి సంచిగా మార్చినది. ఒక గొట్టంతో గాలి నింపుతారు. పీక అమర్చిన మరో గొట్టం గుండా చంక కింద నొక్కి గాలి వదులుతారు. సంచిలో నిల్వ ఉన్న గాలి వల్ల స్వరం ఆగదు. అందుకే వీధి భాగవతాలకూ, యక్షగానాలకూ చాలాకాలం తిత్తే శ్రుతి. 19వ శతాబ్ది చివర చేతి హార్మోనియం వ్యాపించాక దాని స్థానం పోయింది. హార్మోనియం శ్రుతితో పాటు రాగాన్నీ వాయించగలదు. పైగా తోలు ఎండిపోతుందన్న, పగులుతుందన్న బెడద లేదు.

సన్నాయి, ముఖవీణ

ఊదే వాద్యాల్లో పూర్తి రాగాన్ని పలికించగలిగింది సన్నాయి. కింద వెడల్పయ్యే కొయ్య గొట్టం, దాని మీద స్వర రంధ్రాలు, కొసన గరాటు, పైన రెండు రేకుల పీక దాని భాగాలు. ఊదేటప్పుడు బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో ఊపిరి పీల్చుకుంటూ స్వరాన్ని తెంపకుండా సాగించడం సాధనతో వచ్చే విద్య. పక్కన ఒత్తు అనే రంధ్రాల్లేని సన్నాయి ఒకే శ్రుతిని పట్టి ఉంచుతుంది. డోలు లయ నిలుపుతుంది. ముఖవీణ ఇదే కుటుంబంలో చిన్నది, మెత్తని స్వరం గలది.

పల్లెల్లో డోలు సన్నాయి మేళం మంగలి కులంవారి వృత్తి. పెళ్ళి, ఉపనయనం, గుడి సేవ, ఊరేగింపు వారి మేళం లేకుండా జరిగేవి కావు. ఇందుకు ప్రతిఫలంగా మాన్యపు భూమి, పంటలో వాటా ఉండేవి. సంక్రాంతికి గంగిరెద్దులవారు సన్నాయి ఊదుతూ ఎద్దును ఆడిస్తారు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో పలు ముస్లిం కుటుంబాలు నాదస్వర విద్యను తరతరాలుగా పోషించాయి. వారిలో ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా తంజావూరు బాణీ నేర్చి శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ పొందారు. ఆ కుటుంబపు శిష్య పరంపరకు చెందిన కాలీషాబీ, షేక్ మహబూబ్ సుబానీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఊరి గుడి మేళానికీ శాస్త్రీయ కచేరీకీ నడుమ గోడ పలుచగా ఉండటం వల్లే ఇలాంటి ప్రయాణం సాధ్యమైంది. కిన్నెర, జమిడికలకు అటువంటి దారి దొరకలేదు.

పిల్లనగ్రోవి, నాగస్వరం, శంఖం

పిల్లనగ్రోవి చేయడానికి వెదురు, కాల్చిన ఇనుప చువ్వ ఉంటే చాలు. కణుపుల మధ్య బొంగు కోసి రంధ్రాలు కాల్చి వేస్తారు. మంద వెంట రోజంతా తిరిగే గొల్లలకు, ఎరుకలు, చెంచుల వంటి తెగలకు అది సొంత వినోదం. అడవిలో ఒకరినొకరు గుర్తుపట్టే గుర్తు కూడా.

పాములవాడి నాగస్వరం గుడి నాదస్వరం కాదు. సొరబుర్రకు ఒక కొసన నోటితో ఊదుతారు. రెండో కొసన రెండు గొట్టాలు మైనంతో బిగించి ఉంటాయి. ఒక గొట్టం శ్రుతిని, మరొకటి రాగాన్ని ఇస్తుంది. పాము పడగ ఊపడానికి కారణం చాలావరకు బుర్ర కదలికే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములను పట్టడాన్ని, ఆడించడాన్ని అడ్డుకోవడంతో ఈ వాద్యానికి ఆధారమైన వృత్తే కుంగిపోయింది.

శంఖం మనిషి తయారు చేయని వాద్యం. కొస తెగ్గొట్టి ఊదడమే. దాసరులు శంఖం, జేగంటతో, జంగాలు శంఖం, గంటతో వాకిట నిలబడేవారు. చావు ఊరేగింపులో కూడా శంఖం ఊదడం చాలాచోట్ల ఆచారం.

పోషణ సడలిన కాలం

ఈ వాద్యాల క్షీణతకు ఒకే కారణం చూపలేం. మొదటిది ఆశ్రిత సంబంధం తెగడం. డక్కలి, కొమ్ము, శారద, ప్రధాను కళాకారులందరి బతుకూ ఒక నిర్ణీత పోషక కులం ఇచ్చే ధాన్యం మీద నడిచింది. కూలి, వలస, చదువు, నగదు ఆదాయం పెరిగాక పోషకులకు ఆ బాధ్యత బరువైంది. కళాకారుల పిల్లలకు ఆ యాచన అవమానమైంది. హైదరాబాద్ రాష్ట్రంలో 1955లో, ఆంధ్ర ప్రాంతంలో 1956లో వచ్చిన ఇనాముల రద్దు చట్టాల తర్వాత గ్రామ సేవకు ముడిపడ్డ మాన్యాల వ్యవస్థ కూడా మారింది.

రెండోది కొత్త వాద్యాల పోటీ. తిత్తిని హార్మోనియం, పెళ్ళి సన్నాయిని బ్యాండు మేళం, ఆ తర్వాత మైకు సెట్టు తోసిపుచ్చాయి. మూడోది ముడిసరుకు. అలుగు రక్షిత జంతువు అయినందున కిన్నెరకు దాని పెంకులతో మెట్లు పెట్టడం కుదరదు. కిన్నెర చేసేవాడు, వాయించేవాడు ఒక్కడే కావడంతో ఒక కళాకారుడు పోతే వాద్యం చేసే పనితనమూ పోతుంది. బొబ్బిలి వీణకు గొల్లపల్లిలో ఉన్నట్టు ప్రత్యేక తయారీదారుల ఊరేదీ కిన్నెరకు లేదు.

మరోవైపు సేకరణ, అధ్యయనం పెరిగాయి. బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన, మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి రాసిన తెలుగువారి జానపద కళారూపాలు, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం పని ఈ వాద్యాలను గ్రంథాల్లోకి తెచ్చాయి. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ తెలంగాణ పల్లెల నుంచి, గూడేల నుంచి వాద్యాలను సేకరించి ప్రదర్శించారు. 2022లో కిన్నెర మొగులయ్యతో పాటు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకూ పద్మశ్రీ ప్రకటించడం ఈ కళలకు అధికారిక గుర్తింపు.

ఇప్పటి పరిస్థితి రెండు వర్గాలకూ ఒకేలా లేదు. ఊదే వాద్యాలకు జాతర, గుడి, కొలుపు ఇంకా నిలిచి ఉన్నాయి. మేడారంలో తూతకొమ్ముకు, కేస్లాపూర్‌లో పెప్రెకు, గుడిలో సన్నాయికి ఆచారమే కాపలా. తీగ వాద్యాలు మాత్రం సుదీర్ఘ కథ వినే శ్రోత మీద ఆధారపడ్డాయి. ఆ శ్రోత సినిమాకూ టీవీకీ మళ్ళాక జమిడిక కొలుపును పట్టుకుని, తంబుర బుర్రకథ వేదికను పట్టుకుని నిలిచాయి. అలాంటి ఆసరా దొరకని కిన్నెర కొద్దిమంది చేతుల్లోకి కుదించుకుపోయింది. వాద్యాన్ని మ్యూజియంలో భద్రపరచవచ్చు. దాని మీద పాడే వంశగాథలు, వీరకథలు నిలవాలంటే వాటిని నేర్చుకునే గొంతులు, నేర్పినవారికి దక్కే జీవిక రెండూ ఉండాలి.